అతికించిన 'స'

"మీ కడుపు మాట్లాడుతోందండీ," అన్నాడు ఇంజినీరు.

మొట్టమొదటిసారి కలిసిన ఆడపిల్లతో ఎవడైనా అనే మాటేనా అది! కానీ అతగాడు అన్నాడు. అద్దం ఇవతల కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని మరీ అన్నాడు. అద్దం అవతల మైకు ముందున్న అమ్మాయి మొహం కందగడ్డలా అయిపోయింది.

"ఏంటండీ?"

"పొద్దున్నుంచి ఏం తినలేదనుకుంటా. గుర్రుగుర్రుమంటోంది, మైకులో పడుతోంది. ఏదైనా తిని రండి. ఆ మెడలో గొలుసు కూడా తీసేయండి."

"గుండె కూడా కొట్టుకుంటోంది. తీసి బయట బల్లమీద పెట్టి రమ్మంటారా?"

మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మ పకపకా నవ్వేసింది. మనవడికి మాటకి మాట అప్పజెప్పే మనిషి ఇన్నాళ్ళకి దొరికిందని ఆవిడ సంబరం.

అతను సౌండ్ ఇంజినీరు. ఇంటి వెనకగదికి నాలుగువైపులా పాత పరుపులు కొట్టి, మధ్యలో అద్దం గోడ నిలబెట్టి, దాన్నే స్టూడియో చేసుకున్నాడు. రికార్డింగ్ నడుస్తున్నంతసేపూ ఫ్యాను తిరగకూడదు, కుక్కర్ కూయకూడదు, నాయనమ్మ తుమ్మకూడదు. ఆమె కాల్ సెంటర్ ఉద్యోగానికి దణ్ణం పెట్టేసి, పిల్లల కథలు చదివి వినిపించే పనిలోకి కొత్తగా వచ్చింది. ఇంత పెద్ద పుస్తకం చదవడం ఇదే మొదలు. నాయనమ్మ ఆమెకి "కథలమ్మాయి" అని పేరు పెట్టింది. ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది.

పోట్లాటతో మొదలైన పని కాస్తా, నాలుగు అధ్యాయాలు గడిచేసరికి ఇంజినీరుని ఎక్కడికో తీసుకుపోయింది. ఆమె రాని రోజున కూడా ఆమె గొంతే పెట్టుకుని వింటూ కూర్చునేవాడు. అడిగితే "ఎడిటింగ్" అనేవాడు. ఎదురుగా ఉంటే మాత్రం "ఇంకో టేక్" తప్ప నోట్లోంచి ఇంకో ముక్క ఊడిపడేది కాదు. మనిషి బంగారమే, నోరు మాత్రం పెగలదు.

పుస్తకం సగంలో ఉండగా ఆమె పళ్ళకి బ్రేసెస్ పెట్టించుకుని వచ్చింది. వరస తప్పిన పళ్ళు సరిచేయించుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటోందట. డాక్టరు ఇచ్చిన తారీఖు ఇప్పుడు పడింది.

"మాట తేడాగా వస్తోందా?" అని అడిగింది బితుకుబితుకుమంటూ.

వస్తోంది. 'స' పలికినప్పుడల్లా సన్నగా ఈల వస్తోంది. 'సముద్రం' అన్నా ఈలే, 'సాయంత్రం' అన్నా ఈలే. సరిగ్గా ఆ ముందురోజే ప్రొడ్యూసర్ మేడమ్ ఫోన్లో అంది, "పుస్తకం మధ్యలో గొంతు మారితే ఊరుకోను. ఇంకో అమ్మాయిని పెట్టేస్తాను," అని.

"ఏం లేదు, బాగానే ఉంది," అన్నాడు ఇంజినీరు.

అక్కడ చేశాడు తప్పు. ఆ తర్వాత అంతకంటే పెద్ద తప్పు చేశాడు. ఆమె పాత అధ్యాయాల్లో చదివిన 'స'లని ఒక్కొక్కటే కత్తిరించి, కొత్త అధ్యాయాల్లో ఈల వచ్చినచోటల్లా అతికించాడు. స, సా, సి, సు, ఒకటేమిటి! ఇలాంటి పని అతను తప్ప ఇంకొకడు చెయ్యడు, చేద్దామన్నా చేతకాదు. మేడమ్ విని "భేష్" అంది. కథలమ్మాయి ఆ "భేష్" తనదేననుకుని గాల్లో తేలిపోయింది. ఆమె మొహంలో ఆ వెలుగు చూశాక అతనికి నిజం చెప్పే దారి పూర్తిగా మూసుకుపోయింది.

ఇవాళ ఆఖరి అధ్యాయం. నాలుగింటికి మేడమ్ స్వయంగా వచ్చి, పక్కనే కూర్చుని వింటుందట. నచ్చితే పది పుస్తకాల సిరీస్ కథలమ్మాయిదే. నచ్చకపోతే మళ్ళీ కాల్ సెంటరే. ఎదురుగా చదువుతుంటే కత్తిరించడాలూ అతికించడాలూ ఉండవు. పొద్దున్నుంచి ఇంజినీరు ఒకే వైరు పీకి మళ్ళీ అదే తగిలిస్తున్నాడు.

మధ్యాహ్నం ఆమె బుగ్గ పట్టుకుని వచ్చింది.

"తీగ ఊడింది," అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "టెన్షన్‌లో ఏం చేస్తున్నానో తెలీకుండా బాదంపప్పులు నమిలేశాను. తీగ చివర బయటికొచ్చి బుగ్గలో గుచ్చుకుంటోంది. నోరు తెరిస్తే ప్రాణం పోతోంది. ఇవాళే జరగాలా ఇది!"

క్లినిక్‌కి ఫోన్ కొట్టారు. డాక్టరు ఊళ్ళో లేడు. ఫోనెత్తిన రిసెప్షనిస్టు మాత్రం ఇలాంటివి రోజుకి పది విన్నట్టు నింపాదిగా మాట్లాడింది.

"రక్తం ఇంకా కారుతోందా?"

"లేదు, ఆగింది."

"అయితే కంగారేం లేదు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించండి. పెన్సిల్ వెనక రబ్బరు ఉంటుంది చూడండి, కొత్తది తీసుకుని శుభ్రంగా కడిగి, దాంతో తీగ చివరని మెల్లిగా పంటివైపు వంచండి. వంగకపోతే బలవంతం చెయ్యకండి. తర్వాత అక్కడ తడి లేకుండా దూదితో అద్ది, మైనం చిన్న ఉండ చేసి తీగమీద నొక్కండి. తడిమీద నిలవదు."

"మైనం అయిపోయిందండీ."

"కొవ్వొత్తి ఉందిగా ఇంట్లో!" అంది నాయనమ్మ ఫోన్లోకి వంగి.

"అమ్మో, వద్దండీ! కొవ్వొత్తీ వద్దు, జిగురూ వద్దు. మెడికల్ షాపులో బ్రేసెస్‌కి పెట్టే మైనమని అడిగితే ఇస్తారు."

ఇంజినీరు అప్పటికే కేబుళ్ళు కత్తిరించే కటింగ్ ప్లయర్ చేతిలోకి తీసుకుని ఉన్నాడు. "ఆ చివర కాస్త కట్ చేసేస్తే పోలేదా?"

"మీరెవరండీ?"

"సౌండ్ ఇంజినీర్ని."

"అయితే సౌండ్ చూసుకోండి. తెగిన ముక్క గొంతులోకి జారితే ఎవరు తీస్తారు? రేపు పొద్దున్నే తీసుకురండి, డాక్టరుగారు ఉంటారు."

నాయనమ్మ అతని చేతిలోంచి ప్లయర్ లాక్కుని బీరువా మీద పెట్టింది. అతను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాడు. మొదటి షాపులో లేదన్నారు. రెండోదాంట్లో దొరికింది. బయటికి వచ్చేసరికి వాన అందుకుంది. మైనం డబ్బా చొక్కా లోపల పెట్టుకుని, తను మాత్రం నిలువునా తడిసి ఇల్లు చేరాడు.

ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంటే మంటకి ఆమె కాళ్ళు నేలకేసి కొట్టుకుంది. నాయనమ్మ వీపు నిమిరింది.

"నాకు కట్టుడు పళ్ళు పెట్టిన కొత్తలో చిగుళ్ళన్నీ పుండ్లే తల్లీ. వారంపాటు మీ తాతయ్యగారితో మాట్లాడలేకపోయాను. ఆయన ఎంత సుఖపడ్డాడో పాపం!"

నవ్వబోయి "అబ్బా!" అని బుగ్గ పట్టుకుంది కథలమ్మాయి. అద్దం ముందు నిలబడి పెన్సిల్ నోటిదాకా తీసుకెళ్ళింది. రబ్బరు తీగకి బదులు చిగురుకి తగిలింది. రెండోసారీ అంతే.

"నావల్ల కాదు. మీరు చెయ్యండి."

"నేనా?"

"మీరే. తలవెంట్రుకంత శబ్దాన్ని కత్తిరిస్తారు కదా, తీగ వంచలేరా?"

కత్తిరించడం అన్న మాట వినగానే అతనికి గుండెల్లో రాయి పడింది. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాడు. నాయనమ్మ టార్చి పట్టుకుంది. ఆమె కిటికీ దగ్గర కుర్చీలో తల వెనక్కి వాల్చింది. ఇన్నాళ్ళూ మధ్యలో అద్దం గోడ ఉండేది. ఇప్పుడు ఆమె ఊపిరి అతని వేళ్ళకి తగులుతోంది. ఆమె కళ్ళు మూసుకోలేదు. అతన్నే చూస్తోంది. చెయ్యి వణికితే బుగ్గ చీరుకుపోతుంది, కాబట్టి అతను ఆ కళ్ళలోకి చూడకూడదు. చూడకుండా ఉండటం ఎంత కష్టమో అతనికే తెలుసు.

రబ్బరు ఆనించి మెల్లిగా నొక్కాడు. తీగ కదల్లేదు. కాస్త కిందనుంచి మళ్ళీ నొక్కాడు. ఈసారి చివర లోపలికి వంగి పంటిని ఆనుకుంది. దూదితో తడి అద్ది, మైనం ఉండ పెట్టి నొక్కాడు.

"గుచ్చుకుంటోందా?"

ఆమె నాలుకతో తడిమి చూసుకుంది. "లేదు. పోయింది! నిజంగా పోయింది!" అని అతని చెయ్యి పట్టేసుకుంది. పట్టుకున్న సంగతి తెలిశాక కూడా వెంటనే వదల్లేదు. టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. నాయనమ్మ మాత్రం "ఉప్పు డబ్బా మూత పెట్టానో లేదో" అంటూ మాయమైపోయింది.

రేకుల మీద వాన దడదడమంటుంటే రికార్డింగ్ కుదరదు. ఆమె మైకు ముందు కూర్చుని గొంతు సరిచూసుకుంటానంది. సొంత గొంతు చెవిలో పడితే తడబడతానని ఆమె ఏనాడూ హెడ్‌ఫోన్లు పెట్టుకోదు. ఇవాళ నోరంతా కొత్తగా ఉందని పెట్టుకుంది. "సముద్రం ఒడ్డున సాయంత్రం..." అని ఆగిపోయింది.

"ఇదేంటి? ఈల వస్తోంది!"

ఇంజినీరు గబుక్కున మీటలవైపు తిరిగాడు.

"నిన్నటిదాకా లేదే! ఈ మైనం వల్లే అయ్యుంటుంది. తీసేస్తాను."

"తీసేస్తే మళ్ళీ గుచ్చుకుంటుంది."

"గుచ్చుకోనీండి. గంటసేపు ఓర్చుకోలేనా? మేడమ్ ముందు ఈల వేస్తూ చదవమంటారా?" అంటూ వేలు నోట్లో పెట్టేసింది.

అవును, మైనం వల్లే అంటే సరిపోయేది. ఆమే సాకు తీసుకొచ్చి చేతిలో పెట్టింది. కానీ ఆ అబద్ధానికి ఆమె బుగ్గ మళ్ళీ తెగుతుంది. అదీ ఉత్తపుణ్యానికి, ఎందుకంటే మైనం తీసినా ఈల పోదు.

"ఆగండి! మైనం వల్ల కాదు," అన్నాడు. "మొదట్నుంచీ వస్తోంది. తీగ కట్టించుకొచ్చిన రోజునుంచీ. నేనే తీసేస్తున్నాను. మీ పాత అధ్యాయాల్లోంచి 'స'లు తెచ్చి అతికిస్తున్నాను."

ఆమె మైనం జోలికి పోకుండా వేలు నోట్లోంచి తీసేసింది.

"ఎన్నిచోట్ల?"

"అన్నిచోట్లా."

"మరి బాగానే ఉందన్నారు!"

"అన్నాను," అన్నాడతను.

"రోజూ ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని మురిసిపోయేదాన్ని తెలుసా? తీగ ఉన్నా గెలిచేశానని! మా అమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నాను. మేడమ్ మెచ్చుకుంది నన్ను కాదన్నమాట, మీ కత్తెరని!" హెడ్‌ఫోన్లు లాగి పక్కన పడేసింది. "ఎందుకు చేశారు? జాలా? పాపం, ఈ పిల్లకి చేతకాదులే అనా?"

సమాధానం ఉంది. గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయి, పెదవి దాటి బయటికి రాలేదు. ఆమె పుస్తకం తీసుకుని అద్దం గది తలుపు ధడాలున వేసేసుకుంది.

వాన తెరిపిచ్చింది. నాలుగింటికి ఎంతో సేపు లేదు. ఇంజినీరు తలుపు తట్టి లోపలికి వెళ్ళాడు. ఆమె తలెత్తలేదు. అతను మైకుని ఆమె నోటికి ఎదురునుంచి జరిపి, పక్కకి వంచి పెట్టాడు.

"ఇలా ఉంటే గాలి నేరుగా మైకుకి తగలదు. ఈల పూర్తిగా పోదు గానీ తగ్గుతుంది. నాలుక కొన కింది పళ్ళ వెనక ఆనించి 'స' అని చూడండి."

ఆమె అంది. కాస్త మెరుగ్గానే వచ్చింది.

"ఈ మాట ఆరోజే చెప్పొచ్చుగా," అంది పుస్తకంలోకే చూస్తూ. "నేర్చుకునేదాన్ని కదా."

"చెప్పాల్సింది," అన్నాడతను.

ప్రొడ్యూసర్ మేడమ్ వచ్చింది. పొడుగాటి మనిషి, అనవసరంగా ఒక్కమాట మాట్లాడదు. ఇంజినీరు పక్కన కుర్చీ లాక్కుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, "కానివ్వండి," అంది.

కథలమ్మాయి చదవడం మొదలుపెట్టింది. తప్పిపోయిన పిల్లవాడు పడవలో ఇంటికి తిరిగొచ్చే ఘట్టం. మొదటి 'స' జాగ్రత్తగా గట్టెక్కింది. రెండోది ఈల వేసింది. మేడమ్ కనుబొమ్మ లేచింది. ఒక పేజీ పోయాక కథలమ్మాయి ఈలని పట్టించుకోవడం మానేసింది. పిల్లవాడు ఒడ్డుమీద అమ్మని చూసే చోట ఆమె గొంతు నిజంగానే పూడుకుపోయింది. గుమ్మంలో నాయనమ్మ ముక్కు చీదబోయి, రికార్డింగ్ అని గుర్తొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది.

అయిపోయింది. మేడమ్ హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, గది లోపలికీ వినపడే మైకులో అడిగింది.

"నిన్న మొన్న పంపినవాటిలో ఈ ఈల లేదు. ఇవాళ ఏమైంది?"

తీగ ఊడింది మేడమ్, అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. సిరీస్ దక్కుతుంది, ఎవరికీ ఏమీ తెలీదు. నిజం చెప్తే దక్కుతుందో లేదో దేవుడికే తెలియాలి. ఇంజినీరు నోరు తెరవబోయి ఆగాడు. ఆమెని అడక్కుండా ఆమె బతుకులో వేలు పెట్టబట్టే కదా ఇంతదాకా వచ్చింది! అద్దంలోంచి ఆమెవైపు చూశాడు. చెప్పనా, అని కళ్ళతోనే అడిగాడు.

ఆమె పుస్తకం మూసింది. తర్వాత తల ఊపింది.

అతను మొత్తం చెప్పేశాడు. ఒక్కటీ దాచలేదు. ఆమెకి ఈ మధ్యాహ్నందాకా ఏమీ తెలియదని కూడా చెప్పాడు. కథలమ్మాయి బయటికి వచ్చి అతని పక్కన నిలబడింది.

"సగం పుస్తకం నాకు దొంగసరుకు పంపావన్నమాట," అంది మేడమ్.

"అవును మేడమ్."

"ఇంకెవరైనా అయితే ఈపాటికి వాకిట్లో ఉండేవాడివి." ఆమె కథలమ్మాయివైపు తిరిగింది. "ఈ పుస్తకం వినేది ఎవరమ్మా? ఆరేళ్ళ పిల్లలు. సగంమందికి ముందు పళ్ళు ఊడిపోయి ఉంటాయి. వాళ్ళు మాట్లాడినా ఇలాగే ఈల వస్తుంది. నీ ఈలతో వాళ్ళకేం ఇబ్బంది లేదు, నాకూ లేదు. గొంతు మారితే ఊరుకోనన్నాను గానీ, ఈల వస్తే అనలేదు. ఇంత బాగా చదివినదాన్ని ఇతగాడు ముక్కలు చేసి అతికించాడే, అదీ నా ఇబ్బంది. తీగ కట్టినప్పటినుంచీ ఉన్నవన్నీ మళ్ళీ చదువు. నీ గొంతుతో, ఉన్నది ఉన్నట్టు. అది విన్నాక సిరీస్ కాగితాలమీద సంతకం పెడదాం."

"నిజంగానా మేడమ్?"

"నేను తమాషాకి ఏదీ అనను. ఇతనితోనే చేస్తావా, వేరే స్టూడియో చూడనా? ఆలోచించి రేపు ఫోన్ చెయ్యి."

మేడమ్ వెళ్ళిపోయింది. ఫ్యాను వెయ్యాలని కూడా ఇద్దరికీ తోచలేదు.

"వేరే స్టూడియో అయితే..." అన్నాడతను నేలచూపులు చూస్తూ, "నేను పూచీ ఉంటాను. మంచి చోటు చెప్తాను."

"ముందు నేనడిగినదానికి చెప్పండి. ఎందుకు చేశారు?"

ఈసారి అతని గొంతు ఆగలేదు. ఆగితే ఇక జన్మలో చెప్పలేనని అతనికి తెలిసిపోయింది.

"మేడమ్ మిమ్మల్ని మార్చేస్తానంది. మారిస్తే మీరింక ఈ గదికి రారు. అది నావల్ల కాలేదు. మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. మీకు చేతకాదని ఏనాడూ అనుకోలేదు. మీరు రాకపోతే నేనేమైపోతానా అనుకున్నాను, అంతే."

"అంటే నాకోసం చెయ్యలేదు."

"లేదు."

"మొత్తం మీ స్వార్థమే."

"మొత్తం."

ఆమె అక్కడే ఉన్న కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. అతను హడలిపోయాడు. ఆమె తల ఎత్తేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

"హమ్మయ్య!" అంది. "జాలిపడ్డారేమోనని మధ్యాహ్నంనుంచీ కుమిలిపోతున్నాను. మిగతావాళ్ళు జాలిపడితే పడనీ. మీరు జాలిపడితే నేను తట్టుకోలేను."

"నేను పడితే ఎందుకు తట్టుకోలేరు?"

"ఇంత పెద్ద చెవులున్నాయి, ఇన్నాళ్ళనుంచి నా గొంతు వింటున్నారు, అదొక్కటీ వినపడలేదా?"

అతని మొహం చూడాలి అప్పుడు!

"కోపం మాత్రం తగ్గలేదు," అంది వేలు చూపిస్తూ. "ఇకమీదట నా మాట బాగోలేకపోతే మొట్టమొదట నాకే చెప్పాలి. మొహమాటం లేకుండా."

"చెప్తాను. ఆ మూడో పేజీలో..."

"ఇప్పుడు కాదు!"

"కాదులే నాన్నా, ఇప్పుడు కాదు," అంది నాయనమ్మ గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. కళ్ళు తుడుచుకుంటోంది. "ఆ పిల్ల పొద్దున్నుంచి ఆ బాదంపప్పులు తప్ప ఏమీ తినలేదు. నమలక్కర్లేకుండా మెత్తగా అన్నం కలుపుతాను, ఇద్దరూ రండి. వాళ్ళమ్మకి నేను ఫోన్ చేసి మాట్లాడతాలే. అవన్నీ పెద్దవాళ్ళ పనులు."

ఇంజినీరుకి సిగ్గు ముంచుకొచ్చింది. ఎటు చూడాలో తెలీక, తీసిన హెడ్‌ఫోన్లు మళ్ళీ చెవులకి పెట్టుకున్నాడు. అది చూసి కథలమ్మాయి పెదవులు బిగించింది. ఆపుకోలేకపోయింది. తీగలన్నీ కనిపించేలా ఒక్కసారిగా నవ్వేసి, వెంటనే బుగ్గ పట్టుకుని, "అబ్బ, నవ్వించకు, మళ్ళీ గుచ్చుకుంటోంది," అంది.